మీరు ఏమోల్లు బిడ్డా?

ఉస్మానియాలో సీటు కావాలంటే ఒక్క ఎంట్రన్స్ రాస్తే చాలు. పాతబస్తీలో గది కావాలంటే గడప గడపకీ ఎంట్రన్సే. సిలబస్ ఉండదు, కీ విడుదల చెయ్యరు, రీవాల్యుయేషన్ మాటే లేదు.

క్యాంపస్ తార్నాక వైపుంటే గది యాకుత్‌పురాలో ఎందుకంటారా? ఫలక్‌నుమా నుంచి వచ్చే ఎంఎంటీఎస్ అక్కడే ఎక్కితే డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ దాటుకుంటూ నేరుగా ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లో దిగొచ్చు. రైలు టైముకు వస్తే అన్నది వేరే సబ్జెక్టు. సిటీ కాలేజీ పిల్లలకూ, చార్మినార్ పక్కనే నిజామియా టిబ్బీ కాలేజీలో యునానీ చదివేవాళ్లకూ అసలు రైలుతోనే పనిలేదు.

గౌలిపురాలో టులెట్ బోర్డు చూసి ఒక కుర్రాడు తలుపు తట్టాడనుకోండి.

"ఎవలు మీరు?"

"స్టూడెంట్‌నండీ."

"అది గాదు. మీరు ఏమోల్లు బిడ్డా?"

"భువనగిరి వాళ్లం, అంకుల్."

"ఊరు అడగలే."

కులం గండం గట్టెక్కితే రెండో పేపరు కూర. ఓనరింట్లో ఆదివారం పొద్దున్నే యాటకూర ఉడుకుతుంటుంది. ఆ ఘుమఘుమల మధ్యే షరతు వినిపిస్తుంది: "మేం తింటం గని, కిరాయికున్నోల్లు వండొద్దు. మా ఆమెకు వాసన పడదు." కిరాయిదారు మాంసానికి మాత్రమే వాసన ఉంటుందన్న సంగతి ఏ బయాలజీ డిపార్టుమెంటూ ఇంతవరకు కనిపెట్టలేదు. ఇక పేరు వినగానే "అయ్యో, ఇప్పుడే అయిపోయింది" అంటారు కొందరు. బోర్డు మాత్రం దసరా దాకా వేలాడుతూనే ఉంటుంది. నాలుగు గల్లీలు దాటి పొండి, ఇదే సీను మళ్లీ చూడొచ్చు. పేర్లు మాత్రం తారుమారవుతాయి.

ఓనర్లను ఆడిపోసుకోవడం తేలికే గానీ ఈ 'ఏమోల్లు' ప్రశ్నకు చరిత్ర లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది 1918లో. పల్లెల నుంచి వచ్చిన తెలుగు పిల్లలకు నగరంలో తలదాచుకునే చోటు లేక, ఆ తర్వాత కోత్వాల్ అయిన రాజాబహదూర్ వెంకటరామారెడ్డి పూనుకుని రెడ్డి హాస్టల్ పెట్టిందీ 1918లోనే. పోనుపోను ఇతర కులాలకూ వాళ్ల వాళ్ల హాస్టళ్లు వెలిశాయి. అవి లేకుంటే ఎందరి చదువులో మధ్యలోనే ఆగిపోయేవి, ఆ పుణ్యం వాటిది. నూరేళ్లు దాటినా గుమ్మం దగ్గర ప్రశ్న మారకపోవడం ఎవరి పుణ్యమో మరి.

సరే, గది దొరికింది. అగ్రిమెంటు 11 నెలలకు. ఏడాది మించిన లీజు రిజిస్టర్ చేయించాలని 1908 నాటి చట్టం చెబుతోంది కాబట్టి, ఎందుకైనా మంచిదని మన ఓనర్లు సంవత్సరంలోంచి ఒక నెల తీసేశారు. పన్నెండో నెల వచ్చిందంటే కిరాయి పెరిగిందన్నమాట. కారణం అడిగితే మెట్రో అంటారు. 2024 మార్చిలో ఫరూక్‌నగర్‌లో శంకుస్థాపన అయింది, ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు. రైలు సంగతి తర్వాత, శాలిబండ స్టేషన్ పేరు చెప్పి కిరాయి మాత్రం ముందే వచ్చి దిగింది.

డిపాజిట్ కథ ఇంకా బాగుంటుంది. ఇంటికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోవద్దని 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టంలో రాసింది. నమూనా కదా, షోకేసులో ఉంటుంది. ఖాళీ చేసే రోజున ఓనరు కళ్లజోడు పెట్టుకుని గోడల్ని ఎంఆర్ఐ తీసినట్టు చూస్తాడు. సున్నానికింత, నల్లా వాషరుకింత, మోటారు వేసినందుకింత. జలమండలి నీళ్లు వచ్చేదే రోజు విడిచి రోజు, మోటారు మాత్రం రోజూ వేసినట్టే లెక్క. చివరగా చూపు తలుపు పక్కనున్న మేకు మీద ఆగుతుంది.

"దీనికి మూడు నూర్లు."

"అది నేను కొట్టలేదు అంకుల్. నేను వచ్చేనాటికే ఉంది."

"ఉండె. నేనేం కాదన్ననా? దానికి నీ అంగి తగిలేసినవా, లేదా?"

"తగిలేసిన."

"మరి!"