గోళీల మధ్య సందు

నన్ను నిలువునా విప్పి, గోనెపట్టా మీద పరిచి, ఒక్కో ముక్కనూ కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టాక చూసినవాళ్లు సైకిలు కొత్తదానిలా ఉందంటారు. నిజానికి అక్కడ సైకిలే లేదు. ఒక ఫ్రేము, ఒక ఫోర్కు, రెండు చక్రాలు, ఒక చైను, డబ్బా మూతలో గుప్పెళ్లకొద్దీ గోళీలు, ఇంకో మూతలో నట్లు, వాషర్లు మాత్రమే ఉన్నాయి. నేను ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీని. నల్లరంగు, 28 అంగుళాల చక్రాలు, వైర్లకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, పళ్లచక్రంలో కొంగ తలల ఆకారంలో కోసిన ఖాళీలు నా గుర్తులు. ఆత్మకథ అనగానే ఎవరెవరు ఎక్కి తొక్కారో, ఏయే సంతలకు ఎన్ని బస్తాలు మోశానో చెబుతానని ఎదురు చూడకండి. ఆ మాటకొస్తే అవన్నీ నన్ను తొక్కినవాళ్ల కథలు. నా కథ నా లోపలే ఉంది. నేనంటే నా ముక్కలు కాదు, ముక్కకూ ముక్కకూ మధ్య వదిలిన సందు అన్నది నా వాదన. ఆ సందు బజార్లో దొరకదు, కిరసనాయిలుతో కడిగితే రాదు, బిగించేటప్పుడే పుడుతుంది. అందుకే పాత సైకిలును శుభ్రం చేయడానికి ఓపిక చాలు గానీ, తిరిగి బిగించడానికి తెలివి కావాలి.

ముందు చక్రం హబ్బు చూడండి. రెండు వైపులా రెండు కప్పులు, ఒక్కో కప్పులో 3/16 అంగుళం గోళీలు 10, వాటిని నొక్కిపట్టే కోను, కోను కదలకుండా పైన లాక్‌నట్టు. కప్పులో గ్రీసు దట్టంగా పూసి గోళీలు ఒక్కొక్కటే పేరుస్తారు. పదీ కూర్చున్నాక కొంచెం చోటు మిగిలినట్టు కనిపిస్తుంది. పని కొత్తగా నేర్చుకునేవాడి చెయ్యి అక్కడ పదకొండోది దూర్చడానికి వెళుతుంది. ఆ చోటు లేకపోతే గోళీలు దొర్లడం మాని ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. వెనక హబ్బులో పావంగుళం గోళీలు వైపుకు 9, క్రాంకు ఇరుసు దగ్గర అవే గోళీలు వైపుకు 11, సూత్రం మాత్రం అంతటా అదే. ఇక కోను సంగతి. ఎక్కువ బిగిస్తే చక్రం గరగరమంటుంది, కొన్నాళ్లకు కప్పులో గుంటలు పడతాయి. వదిలేస్తే రిమ్ము అటూ ఇటూ ఊగుతుంది, బరువంతా రెండు మూడు గోళీల మీదే పడుతుంది. ఈ రెంటికీ మధ్య దూరం పానా కాస్త కదిలితే దాటిపోయేంత. పైగా లాక్‌నట్టు బిగించేసరికి మరల్లో ఉన్న వదులు పోయి, కోను మీద ఒత్తిడి ఇంకాస్త పెరుగుతుంది. అది తెలిసిన మెకానిక్ ముందే రవ్వంత లూజు ఉంచి లాక్ చేస్తాడు. కుదిరిందో లేదో తేల్చడానికి మీటర్లేం అక్కర్లేదు. చక్రాన్ని గాల్లో ఉంచి, ట్యూబు వాల్వు ఇరుసుకు సమానమైన ఎత్తులో పక్కకు వచ్చేలా తిప్పి వదిలేస్తే చాలు. ఆ వాల్వు బరువుకే చక్రం మెల్లగా కిందికి దిగి, అటూ ఇటూ ఊగి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. వదిలినచోటే నిలబడిపోతే కోను బిగుసుకున్నట్టు.

నేనంటే సందేనన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం తత్వవేత్తల నుంచి వస్తుంది. సందు అంటే ఖాళీ, ఖాళీ అంటే ఏమీ లేకపోవడం, ఏమీ లేనిది నువ్వెలా అవుతావు? మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు రాజును దాదాపు ఇలాగే నిలదీస్తాడు. రాజు వచ్చింది రథం మీద. ఇరుసే రథమా, చక్రాలే రథమా, కాడి రథమా, అన్నీ కలిపితే రథమా, ఇవి కాక ఇంకేదైనా ఉందా? అన్నింటికీ రాజు కాదనే అంటాడు. ఆ భాగాలను ఆధారం చేసుకుని వాడుకలో నిలిచిన పేరు మాత్రమే రథం అని చివరికి తేలుతుంది. విప్పడం వరకూ నాగసేనుడు గట్టి మెకానిక్కే. కానీ ఆ ఆధారం ఎంత బిగువుతో కుదరాలన్నది ఆయన ప్రశ్న కాదు, నాకు మాత్రం అదే ప్రాణం. ఖాళీ ఏ పనీ చేయదన్న మాటకు నా ఎడమ పెడలే జవాబు. కుడి పెడల్‌కు మామూలు మర, ఎడమదానికి ఎడమ మర ఉంటుందని సైకిలు తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఎందుకని అడిగితే, తొక్కుతుంటే దానంతటది బిగుసుకోవడానికి అంటారు. గోళీల రాపిడిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆ మరలు రెండూ తిరగబడి ఉండాలి, ఎందుకంటే రాపిడి పెడల్ ఇరుసును వదులయ్యే వైపే లాగుతుంది. అసలు సంగతి మర దగ్గర ఉంది. క్రాంకు కంతలో ఇరుసును ఎంత బిగించినా వెంట్రుకవాసి సందు మిగులుతుంది. క్రాంకు తిరుగుతున్నకొద్దీ కాలి బరువు ఆ కంత గోడ చుట్టూ ఆనే చోటు మారుతూ పోతుంది. పెద్ద కంతలో చిన్న కడ్డీ గోడకానుకుని దొర్లితే, ఆనిన చోటు ఒక దిక్కుకు జరుగుతుంది, కడ్డీ దానికి ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఆ తిరుగుడు రాపిడికన్నా బలమైనది. కంటికి కనిపించని ఖాళీ ఉక్కు ఇరుసును తిప్పగలదని తెలిసే నన్ను తయారుచేసినవాళ్లు మరల దిక్కు నిర్ణయించారు. క్రాంకు ఇరుసు కుడి కప్పుకు ఇంగ్లిషు సైకిళ్లలో ఎడమ మర పెట్టిందీ అందుకే. ఇటలీవాళ్లు రెండు వైపులా కుడి మరే పెట్టుకున్నారు, వాళ్ల కుడి కప్పులకు వదులవుతాయన్న పేరు అలాగే మిగిలింది.

రెండో అభ్యంతరం షాపు నుంచి వస్తుంది, ఇది మొదటిదానికన్నా గట్టిది. సైకిలు ఫ్యాక్టరీ సరుకు. ఏ ముక్క పోయినా అలాంటిదే ఇంకొకటి తెచ్చి వేయొచ్చు, ఇందులో నీ ప్రత్యేకత ఏముంది? ఒప్పుకోవలసిన మాటే. 1949లో మొదలైన మద్రాసు అంబత్తూరు టీఐ, 1951 నాటి సోనీపట్ అట్లాస్, 1956 నాటి లుధియానా హీరో, అందరూ చేసిన నల్ల సైకిళ్లు మా ఇంగ్లిషు అచ్చులోనివే. నా 28 × 1½ టైరు ఇవాళ్టికీ మన ఊళ్లలో దొరకడం వాళ్ల పుణ్యమే. ఇక్కడి షాపుకు సైకిలు పూర్తిగా తయారై రాదు, విడివిడిగా వచ్చిన ముక్కల్ని షాపులోనే బిగిస్తారు. అయితే ఆ ఒప్పుకోలు ఎక్కడివరకో చూడాలి. ఇంగ్లండులో మిగతా కంపెనీల క్రాంకు కప్పులకు అంగుళానికి 24 మరలుంటే, రాలీ 26 మరలు పెట్టింది. బయటి కప్పు చూడ్డానికి అచ్చం నాదే. ఒకటి రెండు చుట్లు దిగుతుంది కూడా. ఆ పైన పట్టేస్తుంది. అక్కడ పానాకు పైపు తొడిగి బలం ఉపయోగించినవాడు నా ఫ్రేము మరల్నే కొరికేస్తాడు. కాటర్ పిన్నుల సంగతి ఇంకా సూక్ష్మం. క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే ఈ పిన్నుకు ఒక పక్క ఏటవాలు చదును ఉంటుంది. ఆ చదునును ఆకురాయితో రుద్ది, దూర్చి చూసి, మళ్లీ రుద్ది, ఏ పక్క పిన్నును ఆ పక్కకే కుదురుస్తారు. రెంటినీ ఎదురెదురు దిక్కుల్లో దిగ్గొడితేనే పెడళ్లు ఒక గీతలోకి వస్తాయి. కడిగేటప్పుడు రెండు పిన్నుల్నీ ఒకే మూతలో వేసి, ఏది ఏ వైపుదో మరిచిపోతే, తొక్కేవాడి కాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. పిన్ను మీద సుత్తి వేసేటప్పుడు క్రాంకు కింద గట్టి దన్ను పెట్టాలి. లేకపోతే దెబ్బ పిన్నును దించదు, ఇరుసు గుండా గోళీల మీద పడి, ఇంతకుముందే శ్రద్ధగా కడిగిన కప్పులో చుక్కలు దించుతుంది. నట్టు పిన్నును లాగడానికి కాదు, దిగిన పిన్నును పట్టి ఉంచడానికి.

అరుగుదల దగ్గర ఈ వాదన ఇంకా తేటపడుతుంది. ముక్కలు ఒంటరిగా అరగవు, జతగా అరుగుతాయి. నా చైనులో ఒక్కో లింకు అరంగుళం, 24 లింకులు కొత్తలో సరిగ్గా 12 అంగుళాలు. అది 12 అంగుళాల మీద అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వస్తే చైను సాగిందంటారు. ఇనుప పలక సాగలేదు, పిన్నులూ బుష్‌లూ అరిగి ఒక్కో లింకు దగ్గర కాస్త కాస్త సందు పెరిగింది. ఆ చైనుకు తగ్గట్టే వెనక పళ్లు కూడా అరిగి ఉంటాయి. కొత్త చైను తెచ్చి అరిగిన పళ్ల మీద వేస్తే బరువు పడగానే పళ్ల మీంచి ఎగురుతుంది, అదే పళ్ల మీద పాత చైను నెమ్మదిగానే తిరిగేది. కొత్తది ఎప్పుడూ మేలన్న మాట ఇక్కడ నిలవదు. అలాగని పాతది ఎప్పుడూ మేలని నేను అనను. గోళీల విషయంలో నాకే మమకారమూ లేదు. కప్పులో ఉన్నవన్నీ తీసేసి, ఒకే పెట్టెలోవి కొత్తవి వేయమంటాను. నాలుగు పాతవి, ఆరు కొత్తవి కలిపితే కొత్తవి వెంట్రుకంత పెద్దవిగా ఉండి బరువంతా అవే మోస్తాయి. కోను మీద గుంటలు పడితే కోనుతో పాటు అది ఆడిన కప్పునూ చూడాలి. ఉంచడమా మార్చడమా అన్నది వయసుతో తేలదు, జతతో తేలుతుంది.

ఇక పాత వస్తువులు సేకరించేవాళ్లు. వీళ్లు షాపువాళ్లకు పూర్తి ఎదురు. ఉన్నది ఉన్నట్టే ఉండాలి, రంగు మీద గీత కూడా పోకూడదు. రంగు గురించి వాళ్ల మాట నాకు నచ్చుతుంది, మళ్లీ మందంగా రంగు కొట్టించిన ఫ్రేములో మరలు పూడుకుపోయి కప్పులు దిగవు. కానీ వీళ్లు నా పుట్టుకను ముక్కల మీద చదువుతారు. స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉన్న నా తోబుట్టువుల హబ్బు మీద సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి. దాన్ని చూసి సైకిలు పుట్టిన ఏడు చెప్పేస్తారు, చక్రం ఎప్పుడైనా మారి ఉండొచ్చని తోచదు. అసలుదనం పేరిట చూస్తే గట్టిపడి పసుపు లక్కలా మారిన పాత గ్రీసు కూడా అసలుదే, దాన్ని ఉంచమని మాత్రం ఎవరూ అనరు. తుప్పు కూడా జ్ఞాపకమే కదా అనేవాళ్లున్నారు. గోళీల దారిలో తుప్పు జ్ఞాపకం కాదు, ఇసుక. క్రోమియం పూత మీది తుప్పుకు ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లు చాలు, ఇత్తడి బిందె మీద చింతపండు చేసే పనే అది చేస్తుంది. తోలు సీటును మాత్రం ఆ నీళ్లకూ కిరసనాయిలుకూ దూరంగా ఉంచాలి. కూర్చున్న మనిషి ఒంటికి తగ్గట్టు ఏళ్ల తరబడి వంగిన తోలు ఒకసారి నాని ముడుచుకుపోతే మళ్లీ ఆ వంపు రాదు.

విప్పకూడనివి కూడా కొన్ని ఉన్నాయని ఈ లెక్క నుంచే తేలుతుంది. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. రిమ్ము వంకర లేకుండా తిరగడానికి కారణం ఆ పుల్లలు ఒకదానితో ఒకటి పోటీపడి రిమ్మును లాగుతూ ఉండడమే. బరువు పడినప్పుడు నేలవైపు పుల్లల బిగువు తగ్గుతుంది, చక్రం నిలబడేది ఆ బిగువుల తేడా మీదనే. తుప్పు కోసం పుల్లలన్నీ ఊడదీస్తే శుభ్రమైన 72 తీగలు మిగులుతాయి. బెండు తీసే చెయ్యి లేనివాళ్లు చక్రాన్ని అలాగే ఉంచి గుడ్డతో తుడిస్తే చాలు. ఫ్రీవీలు కూడా అంతే, లోపల సన్నటి స్ప్రింగులు, వాటి మీద పళ్లు, మరీ చిన్న గోళీలు. కిరసనాయిల్లో ముంచి తిప్పి, ఆరాక పలచటి నూనె చుక్కలు వేయాలి. గ్రీసు పెడితే పళ్లు అతుక్కుని, పెడల్ గాల్లో తిరుగుతుంది.

చివరి అభ్యంతరం డబ్బుది. ఇంత ఓవరాయిలింగ్‌కు పెట్టే రోజుల్లో, కూలిలో కొత్త సైకిలు వస్తుంది కదా? రావచ్చు. కానీ ఆ కొత్త సైకిలును కూడా ఎవరో ఒకరు బిగించాలి. షాపులో పావుగంటలో బిగించి ఇచ్చిన కొత్త సైకిలు కోన్లు సాధారణంగా మరీ బిగువుగానో మరీ వదులుగానో ఉంటాయి, కాబట్టి ఆ ఖర్చు తప్పించుకున్నట్టు కాదు, వాయిదా వేసినట్టు. నా విషయంలోనూ చివరి పానా తిప్పుడుతో పని ముగిసిపోదు. చైను కింది వరస మధ్యలో వేలితో ఎత్తితే అరంగుళం కదిలేలా వెనక చక్రం నట్లు బిగించి రోడ్డెక్కించాక, మొదటి కొద్ది మైళ్లలో కాటర్ పిన్నులు ఇంకాస్త దిగుతాయి, వాటి నట్లు వదులవుతాయి. అప్పుడు మళ్లీ క్రాంకు కింద దన్ను పెట్టి, పిన్ను తల మీద ఇంకో దెబ్బ వేసి, నట్టును ఇంకో పావు చుట్టు తిప్పాలి.