చుక్కలు తిరిగి ఆగును

మా కంప్యూటర్ పూర్తిగా చస్తే చచ్చిందని ఊరుకోవచ్చు. ఇది చావదు. బటన్ నొక్కగానే కుయ్యిమంటుంది, ఫ్యాను తిరుగుతుంది, విండోస్ బొమ్మ వస్తుంది, దాని కింద తెల్ల చుక్కలు ప్రదక్షిణాలు మొదలుపెడతాయి. మనం కుర్చీ ముందుకి జరుపుకునేలోగా ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. ఇక మౌసు కదలదు, మీట పలకదు. కొన్నాళ్లుగా ఇదే తంతు.

సలహాలకేం, కొదవలేదు. పక్కింటాయన ప్రింటరూ పెన్‌డ్రైవూ పీకేసి చూడమన్నారు. పీకాను. మా తోడల్లుడు ఎఫ్8 కొడితే సేఫ్ మోడ్ వస్తుందన్నాడు. అది విండోస్ 7 నాటి మాట, 8 నుంచీ ఆ మీటకి మామూలుగా పలకడం మానేసింది. మేనల్లుడు ఫోన్ చేసి, "మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది మావయ్యా, సీఆర్ 2032. అది మార్చు" అన్నాడు. మార్చాను. బయోస్‌లో తేదీ సరిపడింది. ఇప్పుడు సరైన తేదీనే ఆగిపోతోంది.

మెకానిక్కుకి ఫోన్ చేస్తే, "ర్యామ్ ఊడదీసి రబ్బరుతో రుద్దండి సార్" అన్నాడు. వేళాకోళం కాదు. ర్యామ్ అంచున బంగారు పూత పూసిన పలకలుంటాయి. వాటికి మురికి పడితే స్లాటుతో పొత్తు చెడుతుంది, రబ్బరుతో సుతారంగా రుద్దితే వదులుతుంది. అంతవరకూ బానే ఉంది. రబ్బరేదీ? మనవరాలి పెట్టె తెరిచాను. స్ట్రాబెరీ ఉంది, ఐస్‌క్రీమ్ ఉంది, కళ్లద్దాలు పెట్టుకున్న పాండా ఉంది. అన్నీ రబ్బర్లేనట! ఘుమఘుమలాడుతున్నాయి. కాగితం మీద రుద్ది చూస్తే గీత చెరగలేదు, అరంగుళం వెడల్పయింది. మళ్లీ ఫోన్. "సెంటు రబ్బరొద్దు సార్, తెల్లది" అన్నాడు. వీధి చివర కొట్టుకి వెళ్లాను.

"పాపకా, బాబుకా సార్?"

"కంప్యూటర్‌కి."

కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, "షార్పెనర్ కూడా ఇమ్మంటారా?" అన్నాడు. ఇంటికొచ్చి, చొక్కా విప్పి, స్టూలు మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి రుద్దాను. పలకలు ధగధగా మెరిశాయి. స్విచ్చేశాను. చుక్కలు తిరిగాయి, ఆగాయి. మనవరాలు వచ్చి, "తాతయ్యా, భలే చెరుగుతోంది" అంటూ ఆ రబ్బరు పట్టుకుపోయింది. దానివల్ల బాగుపడింది దాని లెక్కల పుస్తకం ఒక్కటే.

చివరికి మెకానిక్కే వచ్చాడు. మూత కూడా విప్పకుండా, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అన్నాడు. జబ్బేమిటయ్యా అంటే చెప్పడు. వెనకటికి రేడియో బాగుచేసే ఆయన ఏ పార్టు పోయిందో చూపించి మరీ డబ్బులు తీసుకునేవాడు. ఇతను, "విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోనే సపోర్టు అయిపోయింది, ఈ పాత ప్రాసెసర్‌కి 11 ఎక్కదు, కొత్తది కొనుక్కోండి" అంటాడు. కొంటాను సరే, డెస్క్‌టాప్ మీదున్న నా రాతలో? అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టినవి. ఆ ఫాంట్లు లేని మిషన్‌లో తెరిస్తే నా తెలుగు నాకే అర్థం కాదు.

ఒకప్పుడు ఇది హాల్లో ఉండేది. ఎంసెట్ ఫలితాలొచ్చే రోజున ఇంటిల్లిపాదీ, పక్కిళ్ల పిల్లలతో సహా, దీని ముందే. సైటు తెరుచుకోకపోతే వంటింట్లో దేవుడికి మొక్కులు. ఇప్పుడు ఎవరి ఫోను వారి చేతిలో ఉంది. ఇది పనిచెయ్యడం లేదని నేను చెబితేగాని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చెప్పాక కూడా, "ఇంకా ఉందా అది?" అన్నాడు మావాడు.

కాబట్టి, పని తెలిసినవాళ్లెవరైనా మా వైపు వస్తే ఓసారి తొంగిచూడండి. హార్డ్ డిస్కు ఊడదీసి, మరో మిషన్‌కి తగిలించి, నా ఫైళ్లు కాపీ చేసిచ్చినా చాలు. ఫిల్టర్ కాఫీ ఇస్తాం, అడిగింది ఇస్తాం. ఫార్మాట్ అనే మాట మాత్రం గుమ్మం అవతలే వదిలి రండి.