రెండు రౌటర్ల పెద్దమనిషి

రెండు రౌటర్ల పెద్దమనిషి హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో విరివిగా కనిపిస్తాడు. సాధారణంగా రిటైరైన ఇంజనీరు. కొడుకు ఇంటి నుంచే ఉద్యోగం మొదలుపెట్టినప్పుడు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండో కనెక్షన్ తీసుకుంటాడు. ఆ తర్వాత రెండూ ఒకేసారి పోవడం మొదలవుతుంది.

కారణం ఆయనే. రెండు రౌటర్లనూ ఒకే వైరుతో కలుపుతాడు. చాలా రౌటర్లు కంపెనీ నుంచి 192.168.1.1 అన్న చిరునామాతోనే వస్తాయి. అందుకని రెండోదాన్ని 192.168.1.2గా మారుస్తాడు. అంతవరకు పద్ధతే. అందులో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపాలన్న సంగతి మాత్రం వదిలేస్తాడు. దాంతో చిరునామా అడిగిన ప్రతి ఫోనుకూ రెండు రౌటర్లూ జవాబిస్తాయి, బయటికి దారి నేనేనని రెండూ చెబుతాయి. ఆ దారే డిఫాల్ట్ గేట్‌వే. ఫోను మామూలుగా ముందు పలికినదాని మాటే వింటుంది. హాల్లో టీవీ ఒక దారిన, వంటింట్లో కోడలి ఫోను ఇంకో దారిన పోతాయి.

"మామయ్యగారూ, నెట్ రావట్లేదండీ."

"నీ ఫోన్ పాతదమ్మా."

ఆయన అసలు విద్వత్తు కంప్యూటరు ముందు బయటపడుతుంది. దానికి వైరు మొదటి రౌటరు నుంచి, వైఫై రెండోదాని నుంచి. నల్లటి కిటికీ తెరిచి 'రూట్ ప్రింట్' అని కొడతాడు. 0.0.0.0తో మొదలయ్యే వరుసలు, అంటే బయటికి దారులు, రెండు కనిపిస్తాయి. వంద, రెండు వందలు కలిస్తే మూడు వందల వేగమని లెక్క తేలుస్తాడు. లెక్క తప్పు. మెట్రిక్ అంకె ఏ వరుసకు తక్కువైతే ట్రాఫిక్ అంతా దాని వెంటే పోతుంది, రెండోది ఖాళీగా కూర్చుంటుంది. పైగా విండోస్ ఆ అంకెను లింకు వేగాన్ని బట్టి తానే వేస్తుంది కనుక, వైరుదే తరచుగా పైచేయి. వీధిలో ఫైబరు తెగినా ఇంట్లో వైరు బాగానే ఉంటుంది కాబట్టి కంప్యూటరు అదే దారిన పంపుతూ ఉంటుంది. కొడుకు మీటింగులో ముఖం బిగుసుకుపోతుంది. వైరస్ పట్టిందని తండ్రి నిర్ణయిస్తాడు. రెండు కనెక్షన్లనూ ఒకే రౌటరులో పెట్టి, ఒకటి పోయిందో లేదో ఆ రౌటరే చూసుకుని మారేలా చేసే ఏర్పాటు బజారులో దొరుకుతుంది. దాన్ని ఆయన దండగ ఖర్చు కింద రాస్తాడు.

ఆఖరి అస్త్రం పిన్నీసు. భార్య గాజులకు వేలాడుతున్నదాన్ని అడిగి తీసుకుని, రెండు రౌటర్ల వెనక చిల్లుల్లోనూ గుచ్చి, దీపాలన్నీ మిణుకుమనేదాకా నొక్కుతాడు. రెండోది మళ్లీ 192.168.1.1 అవుతుంది. మొదటిదానిలో కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి.

ఫైబరు కుర్రాడు వస్తాడు. మధ్యనున్న వైరు పీకి, యూజర్‌నేమ్ కొట్టి, నెట్ వచ్చిందని చూపిస్తాడు. కాఫీ అయ్యేదాకా పెద్దమనిషి అతనికి మెట్రిక్ అంటే ఏమిటో బోధిస్తాడు. కుర్రాడు మెట్లు దిగేలోపే ఆ వైరు మళ్లీ దాని చోటికి చేరుతుంది.