చలిగాలికిని చరిత్ర కలదు

మా పడకగది కిటికీలోనుండి చలిగాలి వచ్చుచున్నది. లోకములో నిట్టి సంగతి జరిగినప్పుడు ఇంటి యజమాని వడ్రంగికి కబురు పంపును. వడ్రంగి వచ్చి, రెక్కను రెండు దెబ్బలు కొట్టి, ఆ కిటికీని పూర్వము చేసినవానిని నాలుగు తిట్టి, చెక్కముక్క నొకదానిని సందులో దిగగొట్టి, కాఫీ త్రాగి పోవును. అంతటితో కథ సమాప్తము. నా కథకు మాత్రము రెండు శీతకాలములు, ఒక గబ్బిలము, ఒక పాతచీర, పురాతన కట్టడముల శాస్త్రమున నిధియైన యొక అధికారిణి కావలసి వచ్చిరి. ఇంత జరిగినను గాలి వచ్చుచునే యున్నది.

నేను కాపురముండునది ఇంగ్లండు మధ్యభాగమున నొక ప్రాచీనమైన సంత పట్టణము. దాని పేరు చెప్పను. ఆ ఊరి కౌన్సిలులో నా దరఖాస్తు ఒకటి ఇప్పటికిని నడుచుచున్నది. బుధవారమునాడు చౌకులో చారల గుడారములక్రింద జున్నును, చేపలను, పూలమొక్కలను అమ్ముదురు. చర్చి గంట పావుగంట కొకసారి మ్రోగి, మనము చేయక విడిచిన పనులను జ్ఞప్తికి తెచ్చుచుండును. వీథి కిరువైపులను తేనెరంగు సున్నపురాతి యిండ్లు, పెండ్లిపందిటిలో బంధువులవలె, భుజములు రాచుకొని నిలిచియుండును. వానిలో జార్జి రాజుల కాలమునాటి దొకటి మాది. ‘మాది’ యను పదమును నేను కొంత సాహసించియే వాడుచున్నాను.

ఏలయన, 1948 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ప్లానింగ్ చట్టము ఈ దేశపు గృహస్థునకు వేదాంతులకు దక్క నన్యులకు బోధపడని యొక స్థితిని కల్పించినది: భూమి నీది, గోడ నీది, పన్ను నీది, అప్పు నీది, దానిని మార్చు హక్కు మాత్రము నీది కాదు. దీనికితోడు ప్రాచీన గృహముల పట్టిక యొకటి కలదు. అందెక్కిన యింటిని లిస్టెడ్ బిల్డింగ్ అందురు. గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్, గ్రేడ్ టూ అని మూడు తరగతులు. నూటికి తొంబదికి పైగా గ్రేడ్ టూలోనే యుండును. మాదియు నదియే. రైలుపెట్టెలలో వలె రెండవ తరగతి గనుక ఇందు మర్యాదయు తక్కువ, నిర్బంధమును తక్కువ యని నేను తలచి, ఆ తలంపుతోనే దస్తావేజుమీద సంతకము చేసితిని. పిమ్మట తెలిసినదేమన, రక్షణ వీథివైపు గోడకు మాత్రమే కాదు. ఇంటి లోపలి మెట్లకును, మెట్ల చేపట్టుకును, పొగగూటికిని, గోడ బీరువా తలుపునకును గలదు. 1948కి పూర్వమునుండి పెరటిలో నుండిన పాత మరుగుదొడ్డికిని గలదు. అనుమతి లేక వీని స్వరూపమును మార్చుట కేవలము తప్పు కాదు, నేరము. నేరము తీవ్రమైనచో రెండేండ్ల వరకు కారాగారమును, పరిమితి లేని జరిమానాయును విధింపవచ్చును. దొంగతనము చేసి చెరసాలకు పోయినవానిని చూచితిమి, దేశభక్తిచే పోయినవారిని పూజించితిమి. మరుగుదొడ్డి తలుపు మార్చి పోయినవానికి ఏ గౌరవము చేయవలెనో నాకు తెలియదు.

ఈ సంగతులన్నియు కాకినాడలో నున్న మా అత్తగారికి టెలిఫోనులో సవిస్తరముగా విన్నవించితిని. ఆమె సాంతము విని, కొంతసేపు మౌనము వహించి, “బాబూ, ఇల్లు కొన్నారా, అద్దెకి తీసుకున్నారా?” అని యడిగిరి.

“కొన్నామండీ.”

“మరి ఓనరు ఒప్పుకోడంటారేమిటి?”

నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

కిటికీని తీసివేసి డబుల్ గ్లేజింగ్, అనగా రెండు గాజుల నడుమ గాలిని బంధించిన క్రొత్త కిటికీని, పెట్టించుకొందునని నేను వ్రాసిన విన్నపమునకు ఫలముగా, వర్షము కురియుచున్న యొక మధ్యాహ్నమున కన్సర్వేషన్ ఆఫీసరు మా యింటికి విచ్చేసెను. సన్నని మనిషి, చేత టార్చిలైటు. ఆమె నన్ను పలుకరింపకముందే కిటికీని పలుకరించెను. అది సాష్ కిటికీ: రెండు రెక్కలు, ఒకటి పైకిని మరొకటి క్రిందికిని జారును; ప్రక్కనున్న పెట్టెలో కనబడకుండ త్రాళ్లకు ఇనుపగుండ్లు వ్రేలాడుచుండును. గాజు పూర్వకాలపు పద్ధతిని నోటితో ఊది చేసినది గనుక సమముగా నుండక అలలు తేలియుండును. దానిగుండా చూచినచో వీథిలో నడచిపోవు తపాలాబంట్రోతు కూచిపూడి యాడుచున్నట్లుండును. ఆమె ఆ గాజుపై వ్రేలు మోపి, ఇట్టిది మరల దొరకదని పరవశించి చెప్పెను. గాలి సంగతి నేను మనవి చేసికొంటిని. పాత యిండ్లు సున్నముతో కట్టినవగుటచే ఊపిరి పీల్చుచుండవలెననియు, బిగించినచో చెమ్మ పట్టి చెడుననియు ఆమె బోధించెను. శాస్త్రరీత్యా అది సత్యమే. ఇల్లు ఊపిరి పీల్చుటకు నాకభ్యంతరము లేదు. అది ఊపిరి విడుచునప్పుడు నా మెడమీద విడుచుచున్నదనియే నా మొర.

ఆమె మాటలాడుచుండగా నాకు చిన్ననాటి తణుకును, మా తండ్రిగారి యింటికి వచ్చుచుండిన వాస్తు సిద్ధాంతియు జ్ఞప్తికి వచ్చిరి. ఆయనయు నిట్లే గోడలను తట్టి, మూలలను చూచి, నిట్టూర్చి, గృహస్థుని ముఖము వైపు చూడకయే తీర్పు చెప్పువాడు. ఆయన చెప్పగా మా వంటగది మూడుమార్లు దిక్కు మార్చుకొనెను, నీళ్లున్న నూయి పూడిపోయెను, నీళ్లులేని నూయి త్రవ్వబడెను. ఆయన శాస్త్రమున ప్రతిదియు కదలవలెను, ఈమె శాస్త్రమున ఏదియు కదలరాదు. నడుమ కాపురముండువాని సౌఖ్యమును గూర్చి ఉభయ శాస్త్రములందును శ్లోకము లేదు.

వాస్తు మాట వచ్చినది గనుక తూర్పుగోడ సంగతి చెప్పవలెను. అందు కిటికీ యాకారమంతయు కలదు, కిటికీ లేదు, రాతితో మూసివేయబడియున్నది. 1696 మొదలు 1851 వరకు ఈ దేశమున కిటికీలపై పన్నుండెడిది. ఎన్ని కిటికీలో అంత పన్ను. వెలుతురున కింత, గాలికింత. లోభులైన గృహస్థులు పన్ను తప్పించుకొనుటకై కిటికీలను పూడ్పించి చీకటిలో కూర్చుండి ధనము నెంచుకొనిరి. ఆ కన్నమును తెరచినచో ప్రొద్దుటి యెండ నట్టింటికి వచ్చునని మా యింటిదాని యాశ. అధికారిణి తల యూపి, మూత కూడ చారిత్రక సాక్ష్యమేనని సెలవిచ్చెను. అనగా, నూటడెబ్బదియేండ్లకు మునుపెన్నడో చేసిన పన్ను యెగవేత నేడు జాతీయసంపద. (పన్నుకొరకు కాక, ముఖభాగము రెండువైపుల సమముగా కనబడుటకై మొదటినుండియు మూతగానే కట్టిన గుడ్డి కిటికీలును కొన్ని గలవని పండితులు చెప్పుదురు. మాది యే జాతిదో తేలువరకు తెరువరాదు; తేలినపిమ్మట అసలే తెరువరాదు.)

ఇక పడకగది కిటికీకి దరఖాస్తు పెట్టితిమి. లిస్టెడ్ యింటి అనుమతికి రుసుము లేదు. ఊరక వచ్చునది చివరకు ప్రాణముమీదికి తెచ్చునని మా యింటిది అప్పుడే యనినది. ఆర్కిటెక్టు గీసిన పటముల బిల్లు వచ్చిననాడు నాకును బోధపడినది. కిటికీ ప్రాముఖ్యమును గూర్చి యొక వ్యాసము కూడ జతపరచవలెనట. పదునొకండు పుటలు వ్రాసితిని. నా పెండ్లినాడు నన్ను గూర్చి మా మామగారు విచారించి తెలిసికొన్నది ఇందులో సగములేదు. పిమ్మట దీపస్తంభమునకు నోటీసు కట్టిరి. ఇరువదియొక్క దినములలోపల ఎవరైనను అభిప్రాయము తెలుపవచ్చును. మా కిటికీవలన వారి యింటి వెల తగ్గుననుట చెల్లదు, వారికి దూరపు కొండ కనబడదనుట చెల్లదు. వీథి స్వభావము చెడుననుట చెల్లును.

ప్రక్కయింటి వృద్ధుడు గోడమీదుగా తల యెత్తి, ఎంత మంచి యాలోచన చేసితిరని నన్ను మెచ్చుకొనెను. పదిదినములకు కౌన్సిలు దస్తరములో ఆయన దస్తూరితోనే రెండు పుటల యాక్షేపణ కనబడినది. దాని మరునాడు తన పెరటి గుమ్మడికాయ నొకదానిని తెచ్చి మా గుమ్మములో పెట్టి, వాతావరణమును గూర్చి కుశలప్రశ్న వేసి పోయెను. మా తణుకులో నైనచో ఆక్షేపణ గలవాడు నడివీథిలో నిలిచి మూడు తరములను తలచుకొని తిట్టును; గుమ్మడికాయ మాత్రము ఈయడు. ఏ పద్ధతి మేలో నేనింకను తేల్చుకొనలేదు. గుమ్మడికాయ దప్పళము మాత్రము బాగుగా కుదిరినది.

ఇచ్చట నొక నేరమును ఒప్పుకొనవలెను. రెండునెలల పిమ్మట అదే దీపస్తంభమునకు మరియొక నోటీసు వ్రేలాడెను: మూడిండ్ల కవతలివారు ప్లాస్టిక్కు కిటికీలు పెట్టుకొందురట. నేను కండ్లజోడు సవరించుకొని రెండుమార్లు చదివి, ఇంటికి వచ్చి, వీథి స్వభావమునకు తీరని హాని కలుగునని ఆక్షేపణ వ్రాసితిని. “ఏమండీ, మన కిటికీ సంగతో?” అని మా యింటిది యడిగెను. అది వేరంటిని. నిజమున కది వేరు కాదు. ఈ వీథిని చూచి మోహపడియే మేమీ యిల్లు కొంటిమి. నావంటివారికి ఇన్నేండ్లుగా ‘వల్లగాద’ని చెప్పుచు వచ్చిన గుమాస్తాలు లేకపోయినచో ఈ వీథి మోహింపదగినట్లుండెడిది కాదు. మా ఊరికి కొంచెము దూరమున స్టామ్‌ఫర్డ్ కలదు. 1967లో, విడివిడి కట్టడములనే కాక ఊరి భాగమునంతటిని కాపాడవచ్చునను చట్టము వచ్చినప్పుడు, ఇంగ్లండులో మొట్టమొదట కన్సర్వేషన్ ఏరియాగా ప్రకటింపబడినది అదియే. జార్జ్ ఎలియట్ నవల ‘మిడిల్‌మార్చ్’ను టెలివిజనుకు తీసిన బి.బి.సి. వారు 1830 ప్రాంతపు వీథులకొరకు అచ్చటికే పోయిరి. ఆదివారముల నేనును అచ్చటికి పోయి, ఇతరుల కిటికీలలోని వంకరగాజులను చూచి యానందించుచుందును. వాని వెనుక వణకుచున్నవారు నాకు కనబడరు.

ఈలోపల అటకమీద చలిని ఆపు ఉన్నిపరుపు పరపింతమన్నచో గబ్బిలము అడ్డము వచ్చెను. 1981 నాటి చట్టముచే గబ్బిలములకును, అవి విశ్రమించు చోటునకును రక్షణ కలదు. వేసవి సంధ్యలయందు నిపుణులు పెరటిలో కుర్చీలు వేసికొని, మా చూరువైపు యంత్రములు పట్టుకొని, అవి వెడలునో వెడలవో లెక్కించిరి. ఒకటి వెడలెను. జాషువ కవి గబ్బిలముచేత సందేశము పంపించెను; ఇచ్చట గబ్బిలమునకే మనము విన్నపము పంపుకొనవలెను. అది మాకు అద్దె యీయదు, కౌన్సిలుకు పన్ను కట్టదు, అయినను మాకంటె దానికి హక్కు లెక్కువ.

విజయవాడనుండి మా బావమరిది ఈ యవస్థ విని జాలిపడి, “ముందు కట్టేసేయ్ బావా. తరవాత బి.పి.ఎస్. స్కీములో జరిమానా కట్టేస్తే అదే రెగ్యులరైజ్ అయిపోద్ది” అనెను. మన దేశమున ప్లానునకును ఇంటికిని గల సంబంధము జాతకమునకును జీవితమునకును గల సంబంధమువంటిది. రెండును ఒకే పేరుమీద నుండును, అంతే. ఈ దేశమున నట్లు తలచిన రైతొకడు సర్రే జిల్లాలో గడ్డిమోపులను కోటగోడలవలె పేర్చి, వాని చాటున బురుజులతోకూడ నొక కోటనే కట్టుకొని, నాలుగేండ్లు గుట్టుగా కాపురముండి, కౌన్సిలు చర్య తీసికొను గడువు దాటినదని గడ్డి తొలగించెను. దాచిపెట్టిన గడువు గడువే కాదని న్యాయస్థానములు తేల్చెను. 2016లో తన కోటను తానే కూలగొట్టుకొనవలసి వచ్చెను. లిస్టెడ్ యింటికి ఆ గడువును లేదు.

అంతకంటె విచిత్రమైనది ఆక్స్‌ఫర్డ్‌లోని సొరచేప. 1986లో ఒక పెద్దమనిషి, తన యింటి పైకప్పులోనికి ఆకాశమునుండి తలక్రిందుగా పడినట్లుగా ఇరువదియైదడుగుల సొరచేప బొమ్మను నిలిపెను. అనుమతి లేదు, తీయుమని కౌన్సిలు, తీయనని ఆయన. ఆరేండ్లు పోరాడగా 1992లో పైయధికారులు ఉండనిండనిరి. 2022లో అదే కౌన్సిలు ఆ సొరచేపను వారసత్వసంపదల పట్టికలో చేర్చెను; అనుమతులను ధిక్కరించుటకు పెట్టినదానిని మీ పట్టికలో చేర్పవలదని ఆయన కుమారుడు మొరపెట్టుకొన్నను విడువలేదు. ఈ కథ విని బావమరిది, “అయితే కిటికీలో సొరచేపను పెట్టు బావా” యని సలహా చెప్పి ఫోను పెట్టివేసెను.

డబుల్ గ్లేజింగునకు అనుమతి నిరాకరింపబడినది. లోపలివైపున వేరొక పలుచని గాజుపలకను బిగించుకొనుటకు పెట్టిన రెండవ దరఖాస్తే ఇప్పుడు నడుచుచున్నది. ఈ నడుమ డిసెంబరులో అత్తగారు వచ్చిరి. నాలుగింటికే చీకటిపడు ఆ దినములలో ఆమె మొదటిరాత్రి రెండు రగ్గులు కప్పుకొని పడుకొనిరి. రెండవనాడు లేచి, పెట్టెనుండి నీలపుటంచు వెంకటగిరి నూలుచీర నొకదానిని తీసి, పొడవుగా చుట్టి, కిటికీ సందులన్నిట కుక్కిరి. గాలి ఆగెను. ఆ రాత్రి నేను నిద్రపోవలసినది. గాని కారాగారము కండ్లముందు మెదలగా లేచి, చీర కుక్కుట కట్టడపు స్వరూపమును మార్చుట యగునా కాదా యని అధికారిణికి వ్రాసితిని. తొమ్మిదవనాడు జవాబు వచ్చెను: ఎప్పుడు వలయునన్న నప్పుడు తొలగింపదగినది గనుక అనుమతి అక్కరలేదు, అయినను ఒకమారు చూచిపోదును.

“పాతచీర కుక్కడానికి కూడా అడిగారా బాబూ?” యని అత్తగారు నా ముఖమువైపు జాలిగా చూచిరి.

అధికారిణి వచ్చెను. ఈమారు కిటికీని పలుకరింపలేదు. వంగి టార్చిలైటు వెలుతురున చీర నేతను చూచి, అంచును వ్రేలికొనతో తాకి, ఇది యెన్నాళ్లనాటిదని యడిగెను. మా యింటిది తెలుగు చేసి చెప్పగా అత్తగారు, “మా అమ్మది. డెబ్బయ్యేళ్లు దాటుంటుంది” అనిరి. అధికారిణి నిటారుగా నిలిచి, ఇట్టిదానిని తడి తగులు సందులో కుక్కి పాడుచేయరాదనియు, వెంటనే తీసి ఆరబెట్టి, ఆమ్లములేని కాగితములో చుట్టి భద్రపరుపవలెననియు ఎంతయు గౌరవముతో మనవి చేసెను. అత్తగారు తృప్తిగా తల యూపి, చీరను సందులనుండి తామే లాగి, ఒడిలో మడతపెట్టుకొనుచు, “ఈ పిల్లకి పాతవాటి విలువ తెలుసు బాబూ” అనిరి. కిటికీ మరల ఊపిరి తీసికొనెను.