కొండకూ కడలికీ మధ్య నలభై అయిదు నిమిషాలు

స్వయంచోదక విహారం అంటే, అద్దెకు తెచ్చిన కారును కుటుంబ పెద్దే నడుపుకుంటూ, డ్రైవరుకు ఇవ్వవలసిన బత్తా మిగిలిందని సంతోషిస్తూ, డ్రైవరు పడవలసిన మాటలన్నీ తానే పడుతూ సాగించే యాత్ర అని స్థూలంగా నిర్వచించవచ్చు. నల్ల పలక మీద పసుపు అక్షరాలతో నంబరున్న కారు ఈ యాత్రకు బాహ్యలక్షణం కాగా, వెనుక సీటులోని పులిహోర డబ్బా, దారి చెప్పే ఫోనుకూ దారి చెప్పే బావమరిదికీ నడుమ ఎడతెగని వివాదం దాని ఆంతరలక్షణాలు. ఈ సంప్రదాయానికి ప్రామాణిక గ్రంథం ‘ప్లాన్’. ఇది బయలుదేరడానికి రెండు నెలల ముందే ఎక్సెల్ పట్టికగా అవతరించి, కుటుంబ వాట్సాప్ బృందంలో పదకొండు సవరణలు పొంది, మొదటి రోజు ఉదయం అయిదింటికి కదలవలసిన కారు ఎనిమిదిన్నరకు కదలడంతో చరిత్రలో కలిసిపోతుంది.

ప్లాన్ రచయితలు ఏకగ్రీవంగా అంగీకరించే సిద్ధాంతం ఒకటుంది: ప్రకృతి తన సౌందర్యాన్ని కొండల్లోనూ సముద్ర తీరంలోనూ మాత్రమే ఉంచి, మిగిలిన భూభాగాన్ని పెట్రోలు బంకుల కోసం వదిలేసింది. అందుచేత హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద పన్నెండు వందల కిలోమీటర్లకు పైగా దూరమున్న కన్యాకుమారికి వెళ్లే కుటుంబం, నడుమ కొడైకెనాల్ ఎక్కి దిగి, మదురై దాటిన తరువాత తిరునెల్వేలి వచ్చేదాకా దాదాపు 150 కిలోమీటర్ల నేలను పట్టికలో ఒకే ఒక్క గడిలో సర్దుతుంది. ఆ గడిలో ‘విరుదునగర్–కోవిల్‌పట్టి, 45 నిమిషాలు, టీ’ అని ఉంటుంది. ఒక ఊరిని చూడకుండానే ఆ ఊరు దాటామని చెప్పుకొనే వీలు కల్పించే రోడ్డును బైపాస్ అంటారు గనుక, ఈ గడిలోని రెండు ఊళ్లూ ప్రయాణికుడికి పచ్చరంగు బోర్డు మీది బాణం గుర్తులుగానే పరిచయమవుతాయి.

గడిలో రాయనిది కొంత ఉంది. ఆ నేలను అక్కడి తమిళులు ‘కరిసల్’ అంటారు, అంటే నల్లరేగడి. పత్తి, సజ్జ, మిరప పండే మెట్టభూమి. అది ఎందుకంత ఎండి ఉంటుందో తెలుసుకోవాలంటే పడమటి వైపున్న కొండలనే అడగాలి. జూన్‌లో అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి మేఘాలు పశ్చిమ కనుమలను ఎక్కుతూ ఎక్కుతూ బరువంతా అక్కడే దించుకొని, ఇవతలికి దిగేసరికి ఉత్త గాలిగా మిగులుతాయి. ఇలా కొండ చాటున వాన అందని ప్రదేశాన్ని భూగోళ శాస్త్రం వర్షచ్ఛాయా ప్రాంతం అంటుంది. కుర్తాళంలో జలపాతం కింద జనం తోసుకుంటున్న రోజుల్లోనే కోవిల్‌పట్టి రైతు ఈశాన్య రుతుపవనాల కోసం అక్టోబరు దాకా ఎదురుచూస్తాడు. అంటే ప్లాన్‌లో అయిదు నక్షత్రాలు పొందిన పచ్చదనానికీ, ఒక్క నక్షత్రమూ దక్కని ఎండకూ కారణం ఒకటే కొండ.

ఎండను కూడా సొమ్ము చేసుకోవచ్చునని శివకాశి నాడార్లు చాలాకాలం కిందటే గ్రహించారు. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చాక, పుల్లలు ఆరడానికి ఇంతకన్నా అనువైన వాతావరణం లేదని తేలింది; ఆ పరిశ్రమ సాత్తూరుకూ కోవిల్‌పట్టికీ పాకింది. కొడైకెనాల్ కాటేజీ ముందు చలిమంట వేసి, నిప్పు చుట్టూ కూర్చొని సెల్ఫీ తీసుకొనే కుటుంబం చేతిలోని అగ్గిపుల్ల, బహుశా, తాము ‘ఏమీ లేదు’ అనుకున్న గడి నుంచి వచ్చినదే అయి ఉంటుంది. కయత్తారు దగ్గర గాలిమరలు కనబడగానే మాత్రం కారు ఆగుతుంది. సెంగోట్టై కనుమ గుండా దూసుకొచ్చే ఆ గాలి, కొండ మీద వానంతా కురిపించి వచ్చినదేనన్న సంగతి ఫొటోలో పడదు.

ఆ గాలిమరల కయత్తారులోనే 1799 అక్టోబరు 16న కుంఫిణీ సైన్యం వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీసింది. శివాజీ గణేశన్ నటించిన 1959 నాటి సినిమాలో కట్టబొమ్మన్ గర్జించింది తమిళంలోనే అయినా, ఆ పాళెగాడిది తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ల వంశం. ఇక్కడే ప్లాన్ రచయిత పాండిత్యానికి అసలు పరీక్ష ఎదురవుతుంది. మన భాష వినబడదు, మన తిండి దొరకదు అని అతడు జాగ్రత్తపడి పచ్చడి సీసాలు మోసుకొచ్చిన ఈ దారి పొడవునా, నాయకర్లు, కమ్మవారు, రెడ్లు విజయనగర, నాయకరాజుల కాలం నుంచి స్థిరపడి, బడిలో తమిళం చదువుకొని, ఇంట్లో లిపి తెలియని తెలుగు మాట్లాడుకుంటున్నారు. వారి వలసకు ఎక్సెల్ పట్టిక లేదు, హోటల్ బుకింగ్ లేదు, తిరుగు ప్రయాణం అసలే లేదు. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్ గ్రామంలో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే ‘గోపల్ల గ్రామం’ పేరుతో 1976లో తమిళ నవలగా వెలువరించాడు. దాని కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తమిళులు ఆయనను కరిసల్ సాహిత్యానికి పెద్దదిక్కుగా కొలుస్తారు. తెలుగువారు ఆయన ఊరి బైపాస్ మీద వంద వేగంతో వెళతారు.

కోవిల్‌పట్టికి తూర్పున ఎట్టయపురం ఉంది. ముత్తుస్వామి దీక్షితర్ 1835లో తనువు చాలించింది అక్కడే. ఆయన కృతులను స్వరాలతో సహా కాపాడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో అచ్చయింది ఆ ఊళ్లోనే, అదీ తెలుగులో. పడమట, విరుదునగర్ జిల్లాలోనే, శ్రీవిల్లిపుత్తూరు ఉంది. గోదాదేవి కథను ‘ఆముక్తమాల్యద’గా రాసిన కృష్ణదేవరాయలు ఆ ఊరి వర్ణనకు ఎన్నో పద్యాలు వెచ్చించాడు, ఎండాకాలాన్ని సైతం వదలక వర్ణించాడు. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం రాయలను కంఠస్థం చేసిన కుటుంబ పెద్ద, ఇప్పుడు ఏసీని రెండు నుంచి మూడుకు పెంచి, అంత దూరం పక్కకు తిరిగితే కన్యాకుమారి సూర్యాస్తమయం తప్పిపోతుందని లెక్క తేలుస్తాడు. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా ఆన్‌లైన్లో దొరుకుతుందని బావమరిది బలపరుస్తాడు.

ఈ గడిలోని ప్రతి అడుగునూ శ్రద్ధగా లెక్కించే సంస్థ టోల్‌గేటు ఒక్కటే. సాత్తూరు దగ్గర ఎట్టూర్‌వట్టంలో, కయత్తారు దగ్గర సాలైపుదూర్‌లో వసూలయ్యే రుసుముకు అందమైన నేల, అందం లేని నేల అన్న తేడా లేదు. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు మూడు వేల రూపాయలకు రెండు వందల దాటింపుల పాసు వచ్చింది గాని, నల్ల పలక కారుకు అది వర్తించదని యాత్రికుడికి తెలిసేది గేటు దగ్గరే. మరోవైపు, మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి కొడైకెనాల్ ఎక్కడానికి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్ అనుమతి పత్రం, తప్పనిసరి అయింది. చూడడానికి వచ్చేవారి బరువును ఆ కొండ మోయలేకపోతున్నదని దాని అర్థం. కోవిల్‌పట్టికి ఇంతవరకు అలాంటి ముప్పు ఏర్పడలేదు.

ఇక మిగిలింది టీ. టీకొట్టులో 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలై మిఠాయి, అంటే బెల్లపు పాకంలో వేరుశనగ గుళ్లు పోసి పైన రంగు కొబ్బరి తురుము చల్లిన పల్లీపట్టీ, పొట్లాలుగా వేలాడుతుంటుంది. అర్థం కాదన్న ధీమాతో కుటుంబమంతా గొంతు తగ్గించకుండా తెలుగులోనే చర్చించి, కొట్టువాడు కొత్తవాళ్లని చూసి ధర పెంచాడని తీర్మానిస్తుంది. గల్లా పెట్టె వెనకనున్న మనిషి, ధర పొట్లం మీదే అచ్చువేసి ఉందని, కాస్త యాస తేడాతో, శుభ్రమైన తెలుగులో మనవి చేస్తాడు. ఆ తరువాత ఇంటిపేర్లు, ఊళ్లు, మీవాళ్లెప్పుడు వచ్చారు, మావాళ్లెప్పుడు వచ్చారు అన్న విచారణతో పదిహేను నిమిషాల టీ గంటంబావు అవుతుంది, రెండు పొట్లాలు ఊరికే వస్తాయి, కన్యాకుమారి చేరేసరికి సూర్యుడు ఉండడు. యాత్ర ముగిశాక వాట్సాప్ బృందంలో పెట్టిన నివేదికలో సూర్యాస్తమయం ఎదుట ‘రద్దు’ అనీ, కారణం గడిలో ‘కోవిల్‌పట్టి వద్ద ఆలస్యం’ అనీ నమోదవుతుంది.