చూపులేనట, పెళ్లి కాదట!

సుగ్గికి, అంటే వలస కూలికి, పోతే తప్ప పూట గడవని పడమటి కర్నూలులో తాగునీటి బోరు ఒకటి అడిగితే ఏళ్లు పడుతుంది. అక్కడి దేవనకొండ మండలంలో మాత్రం ఎవరూ అడక్కుండానే 68 బోర్లు మంజూరయ్యాయి! నీళ్లకు కాదు లెండి, కప్పట్రాళ్ల అడవిలో యురేనియం వెతకడానికి. కేంద్రం సరేనంది. ఊళ్లను అడగాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు కాబోలు.

2024 నవంబరులో జనం కర్నూలు-బళ్లారి రోడ్డు మీద బైఠాయించారు. తవ్వకం కాదు, ఉందో లేదో చూడటమే అన్నారు సార్లు. పిల్లను చూసిపోతాం, పెళ్లి మాట ఎత్తం అన్నట్టు!

కప్పట్రాళ్ల ఒకప్పుడు ఫ్యాక్షన్ ఊరు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెమనేవారు. పోలీసులు ఏళ్ల తరబడి కుదర్చజూసిన ఐకమత్యం యురేనియం అన్న ఒక్క మాటతో కుదిరింది. శాంతి బహుమతి ఏదైనా ఉంటే ఆ లోహానికే ఇవ్వాలి.

చివరికి తవ్వకాలుండవని కలెక్టరు మాటిచ్చారు. ఇంకా సందేహమున్న పెద్దలు పులివెందుల దగ్గర యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె వెళ్లి, భూగర్భ జలం పాడైందని మొత్తుకుంటున్న అరటి రైతులను పలకరించి రావచ్చు. నీళ్ల సీసా మాత్రం ఇంటి నుంచే తీసుకుపోండి.