అన్నీ మీ మేలుకే, అడిగేదేముంది!

ఏటా ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, ఏజెన్సీలో వేదికలు లేస్తాయి. మంత్రిగారు కొమ్ముల తలపాగా పెట్టుకుని డోలు మీద రెండు దెబ్బలు వేస్తారు. ధింసా బృందంలో దూరి నాలుగడుగులు తప్పు వేస్తారు. దిగే ముందు మైకు పట్టుకుని, ‘మీ ఊళ్లో మీ రాజ్యం, అది మీ హక్కు’ అని గొంతు చించుకుంటారు. హక్కు ఉన్న మాట నిజమే. వాడుకోబోతేనే పేచీ.

ఆ హక్కుకు చట్టంలో పేరు పెసా. పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు కనుక, దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫార్సుల మీద 1996 డిసెంబరులో పార్లమెంటు దీన్ని చేసింది. గ్రామసభే పెద్ద అంది. మన ఉమ్మడి రాష్ట్రం 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించుకుని, నిబంధనలు 2011లో రాసింది. పెసా వచ్చిన ఏడాది గూడెంలో పుట్టిన పిల్ల ఈలోగా పదో తరగతికి వచ్చేసింది. ఇంత నిదానంగా రాసిన నిబంధనల్ని తొందరపడి అమలు చేస్తే బాగుండదని కాబోలు, అధికారులు ఇంకా ఓపిక పడుతున్నారు.

అవసరమైతే ఢిల్లీకి పరుగు రాదనుకోకండి. 2014 మే 26న కొత్త సర్కారు ప్రమాణం చేసింది. 29కల్లా ఆర్డినెన్సు వచ్చేసింది. గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు ముంపు పేరిట ఖమ్మం జిల్లా ఏడు మండలాల పల్లెలు ఆంధ్రలో కలిశాయి. చింతూరు, కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరుల్లో కోయలూ కొండరెడ్లూ ఒక రాష్ట్రంలో పడుకుని ఇంకో రాష్ట్రంలో లేచారు. రాముడి గుడి ఉన్న భద్రాచలం ఊరిని మాత్రం కదపలేదు. దేవుడి విషయంలో కలిగిన మొహమాటం కోయల విషయంలో కలగలేదు.

జులైలో ఆ ఆర్డినెన్సు బదులు బిల్లు పార్లమెంటుకొచ్చింది. అరుపులు హోరెత్తాయి. మా శాసనసభను అడగలేదని తెలంగాణ సభ్యులన్నారు. మా మల్కన్‌గిరి మునుగుతుందని ఒడిశా సభ్యులన్నారు. జాతీయ ప్రాజెక్టు కదా అని సర్కారంది. 11న లోక్‌సభ, 14న రాజ్యసభ ఆమోదించేశాయి. రాష్ట్రాన్ని అడిగారా లేదా అన్నదే రభస. గ్రామసభను అడగమని చట్టంలో లేదు, అడగాలన్న ఆలోచన బిల్లు తెచ్చినవాళ్లకు రాలేదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేస్తుంటే అత్తను పిలుస్తారా?

ఇందులో తమాషా చూడండి. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎకరం తీసుకోవాలన్నా గ్రామసభ ముందుగా సరే అనాలి. మండలాలకు మండలాలు రాష్ట్రం మార్చడానికి ఆ బాధ లేదు. పైగా అక్కడి వాళ్లు ఏప్రిల్‌లో ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యేలు తెలంగాణ సభలో కూర్చున్నారు, ఓటేసినవాళ్లు ఆంధ్రలో తేలారు. 2019 ఎన్నికల దాకా ఆంధ్ర శాసనసభలో వాళ్లు ఎన్నుకున్న మనిషే లేడు. స్వపరిపాలన ఇస్తామన్నవారు ఉన్న ఎమ్మెల్యేను కూడా పట్టుకుపోయారు. గోదావరి నీళ్లు పొలాలకు అక్కర్లేదని ఎవరూ అనరు. మునిగేవాణ్ణి ఒక్కమాట అడగడానికి ఏం అడ్డొచ్చిందన్నదే ప్రశ్న.

అడిగితే ఏమవుతుందో ఏలినవారికి తెలుసు. ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వకాల సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. ప్రజాస్వామ్యం ఇంత బాగా పనిచేస్తుందని ఎవరూ ఊహించి ఉండరు. దాని నుంచి పెద్దలు నేర్చుకున్న పాఠం: ఇంకెప్పుడూ అలా అడగకూడదు. 2022 అటవీ సంరక్షణ నిబంధనలు ఆ పాఠాన్నే కాగితం మీద పెట్టాయి. ముందు కేంద్రం అనుమతి ఇచ్చేస్తుంది, అడవి మీద ఆదివాసుల హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకుంటుంది. మంగళసూత్రం కట్టాక పిల్ల ఇష్టం కనుక్కోవడమన్నమాట.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్నారు. 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు నాయకత్వం వహించిన మనిషి, ఆట నియమాలు తెలిసినవాడు. మధ్యలో గోల్‌పోస్టు జరుపుతారని ఆయన మాత్రం ఎలా ఊహిస్తారు?

షెడ్యూల్డ్ ప్రాంతాన్ని తాకే బిల్లు రేపు మళ్లీ వస్తుంది. అప్పుడు మీ ఎంపీ కనిపిస్తే, ఏ పార్టీ వారైనా సరే, ఒక్కటే అడగండి: దీనికి ఏ గ్రామసభ, ఏ తేదీన తీర్మానం చేసింది? జవాబు చెప్పలేకపోతే, వచ్చే ఆగస్టు 9న ఆ కొమ్ముల తలపాగా వారి నెత్తిన పెట్టకండి.